లాకు దగ్గర మనిషి

యజ్ఞన్నగారిని శాస్త్రం అడిగితే ఊళ్ళో జరిగిన సంగతి చెప్పేవారు. గీతాపాఠం కోసం సాయంత్రాలు ఆయన అరుగు మీద చేరేవాళ్ళకు ఈ అలవాటు తెలుసు కాబట్టి, సందేహం ఉన్నవాళ్ళు తీరిగ్గా కూర్చునే అడిగేవారు. నరహరి మాత్రం ఆ రోజు నిలబడే అడిగాడు. అతను తాలూకా కార్యాలయంలో సూపరింటెండెంటు. ఎన్నికల పనుల వల్ల సెలవులన్నీ ఆపేశారు. అతని దగ్గర పనిచేసే అటెండరు భద్రయ్య, మర్నాడు తల్లికి కంటి ఆపరేషనుందని సెలవు అడిగితే, మధ్యాహ్నమే కుదరదని రాసి సంతకం పెట్టాడు. భద్రయ్య ఆ కాగితం తీసుకెళ్ళి తన స్టూలు మీద కూర్చున్నాడట.

"సెలవు ఉద్యోగి హక్కు కాదని సర్వీసు రూల్సులోనే ఉంది గురువుగారూ. నేను కల్పించింది కాదు. మరి రూలు ప్రకారం లేదన్నవాడికి పాపం అంటుతుందా?" అన్నాడు నరహరి.

యజ్ఞన్నగారు అతన్ని కూర్చోమని, మరిడమ్మ సంగతి ఇలా చెప్పారు.

మరిడమ్మ భర్త కాలవ మీద లస్కరు. కాలవ నీటిని నిలిపే లాకు దగ్గర కాపలా ఉండి, పైనుంచి కబురు వచ్చినప్పుడల్లా షట్టర్లు ఎత్తడం, దించడం లస్కరు పని. అతను జ్వరంతో పోతే కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం మరిడమ్మకు ఇచ్చారు. షరతులు చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నారు. లాకు పక్కన క్వార్టర్లోనే కాపురముండాలి. అనుమతి లేకుండా చోటు వదలకూడదు. ప్రొబేషన్ పూర్తయ్యేలోగా విధికి గైర్హాజరైతే ఏ కారణమూ చూపకుండా తీసెయ్యవచ్చు. అన్నిటికీ ఆమె తలూపింది.

ఆ ప్రొబేషన్ ఇంకా నడుస్తుండగానే వరదల కాలం వచ్చింది. ఎగువన వానలు దంచుతున్నాయి. లస్కర్లెవరికీ సెలవుల్లేవని ఉత్తర్వు వచ్చింది. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, నెలలు నిండిన కూతురు లోవకుమారిని టౌను ఆసుపత్రిలో చేర్చామని ఆ అమ్మాయి పక్కింటి వాళ్ళు ఫోను చేశారు. బిడ్డ అడ్డం తిరిగిందట, ఆపరేషను చెయ్యాలట, అయినవాళ్ళెవరైనా రావాలట. అల్లుడు లారీ తోలుకుంటూ ఒరిస్సాలో ఎక్కడో ఉన్నాడు.

మరిడమ్మ గొడుగైనా లేకుండా గట్టు వెంట సెక్షన్ ఆఫీసుకు పరుగెత్తింది. అక్కడ అసిస్టెంటు ఇంజనీరు, అంటే ఏఈ, కాశీపతి అని కుర్రవాడు, ఉద్యోగంలో చేరి ఎంతోకాలం కాలేదు. ఆమె చెప్పినదంతా విన్నాడు.

"సెలవు ఇవ్వలేనమ్మా. ఇచ్చే అధికారం నాకు లేదు. పెట్టడానికి ఇంకో లస్కరూ లేడు. ఉన్నవాడు గండి పడిన చోట ఉన్నాడు."

"నా బిడ్డ ఒక్కతే ఉంది బాబూ."

అతను తల దించుకున్నాడు. మరిడమ్మ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. చెప్పకుండా టౌనుకు పోవచ్చు. పోతే ఉద్యోగం పోతుంది, రేపు ఆ పసిబిడ్డకు పాలడబ్బా కొనేది కూడా ఆ ఉద్యోగమే. అదీగాక లాకు కింద ఉన్న పేట తన పేటే. వేళకు షట్టర్లు ఎత్తక గట్టు తెగితే ముందు మునిగేది తనవాళ్ళ గుడిసెలే. ఆమె లాకు దగ్గర కూలబడి, కూతురి పేరు పెట్టి తలుపులమ్మ తల్లికి మొక్కుతూ ఏడ్చింది.

కాసేపటికి గట్టు మీద మోటారు సైకిలు వచ్చింది. కాశీపతి దిగి, చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు.

"ఆ షట్టరు తిప్పే హ్యాండిలు ఇలా ఇవ్వు."

"ఎందుకు బాబూ?"

"లాకు ఖాళీగా ఉండకూడదని కదా రూలు. నేనుంటాను. నువ్వు పద."

"ఇది మీరు చేసే పని కాదు బాబూ. పెద్దసార్లు చూస్తే మిమ్మల్ని అంటారు."

"అంటే నన్నే కదా అంటారు. బిడ్డ దగ్గరికి వెళ్ళు."

ఆమె వానలో బస్సు రోడ్డు వైపు పరుగు తీసింది. అతను మోటారు సైకిలు మీద దింపివద్దామా అనుకున్నాడు గానీ, లాకు వదిలితే చేసినదంతా వృథా. అంతలోనే కబురొచ్చింది, షట్టర్లు ఎత్తమని. ఒక్కడి వల్ల కాలేదు. పొలాల్లో నిలిచిన నీళ్ళు బయటికి తీస్తున్న నలుగురం వెళ్ళి చెయ్యి వేశాం. అవును నరహరీ, అక్కడ నాకూ పొలముండేది. అలా తిప్పుతూ ఉండగానే అతని పై అధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఈఈ గారి జీపు వచ్చి ఆగింది. ఆయనంటే సెక్షన్లన్నీ వణికేవి. మా చేతులు ఆగిపోయాయి. కాశీపతి మాత్రం ఆపలేదు.

"లస్కరేదీ?" అన్నాడు ఈఈ.

కాశీపతి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు.

"సెలవు మంజూరు చేశావా?"

"లేదు సార్."

"బతికించావు. చేసుంటే నేను రద్దు చెయ్యాల్సొచ్చేది." ఆయన నీటి మట్టం చూశాడు. కాలవ వైపు చూస్తూనే అడిగాడు, "ఎలా వెళ్ళింది?"

"నడిచే సార్. బస్సు రోడ్డుకు."

ఈఈ డ్రైవరును పిలిచాడు. "జీపులో డీజిలు తక్కువుందన్నావుగా. టౌనుకెళ్ళి పోయించుకురా. దారిలో మన స్టాఫు ఎవరైనా కనపడితే ఎక్కించుకో. తొందరగా పో."

పొద్దున్నే ట్యాంకు నింపుకున్న డ్రైవరు మారుమాటాడకుండా జీపు తిప్పాడు. ఈఈ గారు లాకు షెడ్డులో మరిడమ్మ మంచం మీద కూర్చుని, జీపు తిరిగొచ్చేదాకా ఫోన్లు తనే అందుకుంటూ, ఎంత ఎత్తాలో ఎంత దించాలో మాకు కేకేసి చెప్పాడు.

ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళే ముందు లోవకుమారి చేతిలో తల్లి చెయ్యి ఉంది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పేటలోకి చుక్క నీరు రాలేదు. పొద్దువాలే వేళకు మరిడమ్మ పరుగున తిరిగొచ్చి, బొబ్బలెక్కిన కాశీపతి చేతుల్లోంచి హ్యాండిలు లాక్కుని, "ఇక లేవండి బాబూ, తడిసి ముద్దయిపోయారు" అని కసిరింది. కసురుతూనే నవ్వేసింది. ఆ నవ్వు చూసి మాకందరికీ గుండెల మీంచి బండ దించినట్టయింది.

యజ్ఞన్నగారు అక్కడితో ఆపేశారు. నరహరి, ఆసుపత్రిలో భద్రయ్య తల్లి దగ్గర రేపు పగలంతా ఎవరుంటారో తను అడగనైనా అడగలేదని, తన భార్యకు రేపు తీరికేనని, తనలో తను అనుకుంటున్నట్టుగా అన్నాడు. అని, భద్రయ్య ఇంటికి వెళ్ళడానికి లేచాడు. వచ్చినప్పటి బరువు అతని ముఖంలో లేదు. మెట్టు దిగుతూ వెనక్కి తిరిగి, "ఇంతకీ రూలు నిలిచినట్టా గురువుగారూ, తప్పినట్టా?" అన్నాడు.

"రూలుకు కాళ్ళుండవు నాయనా," అన్నారు యజ్ఞన్నగారు. "అందుకే దానికి మనుషుల్ని పెట్టుకుంటారు."