నువ్వుగింజంత ఉక్కుముక్క

సముద్రం ఒడ్డున ఉన్న ఒక రాకెట్ కేంద్రంలో పెంచలయ్య అనే ఫిట్టర్ ఉండేవాడు. పనిలో అతన్ని మించినవాడు లేడు గానీ, తన తప్పు ఒప్పుకోవడమంటే అతనికి ప్రాణం మీదికి వచ్చేది. ఇంట్లో గ్లాసు పగలగొట్టినా, "గ్లాసు జారుడుగా ఉండాది, నన్నేం చేయమంటావు?" అని భార్య మీదే ఎగిరేవాడు.

ఆ ఏడు ముగ్గురు మనుషులను చంద్రుడి మీదికి పంపే రాకెట్ సిద్ధమవుతోంది. ముప్ఫై అంతస్తుల ఎత్తు! రోజూ చూసేదే అయినా, పొద్దుటి ఎండలో అది తెల్లగా మెరుస్తుంటే పెంచలయ్యకు ఒళ్ళు పులకరించేది. మా చేతులతో మరలు బిగించిన ఈ వస్తువు చంద్రుడి దాకా పోతుందా అని, తలెత్తి అలాగే నిలబడిపోయేవాడు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. పనిముట్టు తీసుకున్నవాడు తన పేరున్న ఇత్తడి బిళ్ళను దాని కొక్కేనికి తగిలించి వెళ్ళాలి. పనిముట్టు తిరిగి ఇచ్చాకే బిళ్ళ చేతికి వస్తుంది. ఒక్క బిళ్ళ మిగిలినా, రాకెట్ కొసన మనుషులు కూర్చునే వ్యోమనౌక తలుపు మూయరు. ఎందుకంటే ఇక్కడ మూలన పడి ఉన్న ఏ చిన్న ముక్కయినా, అంతరిక్షంలో పైకి లేచి తేలుతుంది. కంట్లో పడవచ్చు, ముక్కులోకి పోవచ్చు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు పెంచలయ్య వ్యోమనౌకలో ఆఖరి మరలు బిగించి వచ్చాడు. స్క్రూడ్రైవర్ తిరిగి ఇస్తూ చూస్తే, దాని మొన నువ్వుగింజంత విరిగి ఉంది.

పనిముట్ల గది కామాక్షమ్మ అది గమనించలేదు. "లెక్క సరిపోయింది పెంచలన్నా" అంటూ బిళ్ళ చేతిలో పెట్టింది.

అతను బిళ్ళ జేబులో వేసుకుని బయటికి నడిచాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క మాట పడలేదు. పైగా చంద్రుడు అనువైన చోట ఉన్న ఈ అదను తప్పితే ప్రయాణానికి మళ్ళీ నాలుగు వారాలు ఆగాలి. "బయటెక్కడో పడి ఉంటుందిలే" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మరునాడు ఆ ముగ్గురు యాత్రికులూ పనివాళ్ళను పలకరించడానికి వచ్చారు. వాళ్ళ నాయకురాలి పేరు సౌదామిని.

"లోపల ఆఖరున పనిచేసింది ఎవరండీ?" అని అడిగింది.

"నేనేనమ్మా."

ఆమె అతని రెండు చేతులూ పట్టుకుంది. "మా అమ్మ ఒకటే భయపడుతోంది. నాకంటే జాగ్రత్తగా నా సీటు చూసుకునేవాళ్ళు ఉన్నారమ్మా అని చెప్పాను. అది మీరేనన్నమాట!"

పెంచలయ్య రాకెట్ వైపు చూశాడు. అంత ఎత్తున, ఆ కొసన కూర్చునేది ఈ అమ్మాయి. మొదటిసారి దాన్ని చూసి అతనికి భయమేసింది.

"తప్పు నాదమ్మా" అన్నాడు. "స్క్రూడ్రైవర్ మొన ఇరిగింది. ముక్క లోపలే ఉండాదేమో. నిన్ననే చూసినా, చెప్పలేదు."

ప్రయాణం ఆగిపోయింది. కొందరు విసుక్కున్నారు, కొందరు ముఖం మీదే తిట్టారు. సీట్లు విప్పి, అయస్కాంతంతో రెండు రోజులు గాలించారు. ముక్క దొరికింది. సౌదామిని సీటు కింద, ఆమె పీల్చే గాలి వచ్చే గొట్టం అంచున ఉంది! ఒక రోజంతా దాచినందుకు పై అధికారి చీవాట్లు పెట్టి, పెంచలయ్యను రాకెట్ దగ్గరికి రావద్దన్నాడు.

నాలుగు వారాలు గడిచాయి. తలుపు మూసే రోజు పొద్దున్నే ఆ అధికారే అతన్ని పిలిపించాడు.

"ఆఖరి తనిఖీ నువ్వే చెయ్యాలి."

"నేనా సార్?"

"సౌదామిని గారు అడిగినారయ్యా. లెక్క సరిపోయినాక కూడా నోరు విప్పి చెప్పినోడివి నువ్వొక్కడివే గదా!"

పెంచలయ్య ప్రతి మూలా తడిమి తడిమి చూసి, ముగ్గురూ ఎక్కి కూర్చున్నాక తన చేతులతోనే తలుపు మూశాడు. మధ్యాహ్నం రాకెట్ లేచింది. నేల అదిరింది. ఉప్పుటేట్లోని కొంగలన్నీ ఒక్కసారిగా ఎగిరాయి. నిప్పులు కక్కుతూ అది ఆకాశంలో చుక్కంతై కనుమరుగయ్యేదాకా, అతను చేతులు జోడించి, కన్నీళ్ళతో చూస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అతని చేతిలోని గ్లాసు జారి పగిలింది.

"నేనే పగలగొట్టినా" అన్నాడు.

"రాకెట్ లేసినదానికన్నా ఇదే విడ్డూరంగా ఉండాదే!" అంది భార్య.

ఎవరూ కనిపెట్టలేని తప్పును కూడా తనంతట తాను ఒప్పుకోగలిగినవాడి చేతుల్లోనే, ఇతరులు ధైర్యంగా తమ ప్రాణాలు పెట్టగలరు.