మూడో అంతస్తు డ్యూటీ

కరోనా కొత్తగా వచ్చిన రోజుల్లో నంద్యాలలో ఒక హోటల్‌ను జ్వరం వచ్చినవాళ్ల కోసం తీసుకున్నారు. వాళ్లందరినీ మూడో అంతస్తులో ఉంచారు. అక్కడికి అన్నం తీసుకెళ్లమంటే పనివాళ్లలో ఒక్కరూ కదలరు. ఓబులేసు ఒక్కడే వారం రోజులు మోశాడు. ఎనిమిదో రోజు అతను మెట్ల దగ్గర కూలబడ్డాడు.

మేనేజరు ఇనాయతుల్లాకు ఏం చేయాలో పాలుపోలేదు. తన గురువు హుస్సేనీ సాహెబ్ దగ్గరికి పరుగెత్తి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"హజ్రత్, సేవంటే ఏంటో మీరొచ్చి మావాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. మీ మాటైతే వింటారు."

"నాలుగు మాటలేనా? వస్తాలే బేటా."

ముసలాయన మధ్యాహ్నానికి చేతికర్ర పట్టుకుని వచ్చాడు. హోటల్లో ఉన్నంతసేపూ ఇనాయతుల్లా అద్దాల గది దాటడు. సంతకం పెట్టాలన్నా గ్లౌజులు ఉండాల్సిందే మహానుభావుడికి! గదిలోంచే బయట గోడమీది డ్యూటీ చార్టు చూపించాడు, ఎంతో పద్ధతిగా గీసుకున్నాడు మరి. మూడో అంతస్తు ఎదురుగా వారం పొడుగునా ఒకటే పేరు.

"రోజూ ఓబులేసేనా?"

"ఎదురు చెప్పే రకం కాదు హజ్రత్. ఇప్పుడేమో ఉబ్బసమని సాకులు మొదలుపెట్టాడు."

హుస్సేనీ సాహెబ్ చార్టు పక్కనున్న పెన్ను తీసుకుని ఓబులేసు పేరు కొట్టేసి, తన పేరు రాశాడు. కర్ర గోడకు ఆనించాడు. మెట్ల పక్కనున్న అన్నం పొట్లాల ట్రే ఎత్తుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఇనాయతుల్లా గ్లౌజుల సంగతే మరిచిపోయి, తలుపు తోసుకుని వచ్చి గురువు చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

"ఏం పని హజ్రత్ ఇది! ఈ వయసులో పైకి పోతే మీరు బతకరు!"

ఆ కేక హోటలంతా వినిపించింది. వంటగదిలోంచి పనివాళ్లు తొంగిచూశారు. తన నోటి నుంచి ఏం మాట వచ్చిందో తెలిసి ఇనాయతుల్లా కొయ్యబారిపోయాడు.

గురువు మెట్ల దగ్గర ఆయాసపడుతున్న ఓబులేసును చూశాడు. తర్వాత శిష్యుణ్ణి చూశాడు.

"అయితే నీకు తెలుసన్నమాట" అన్నాడు మెల్లగా.

ఇనాయతుల్లా ట్రే తన చేతుల్లోకి తీసుకున్నాడు.

ఓబులేసు గోడ పట్టుకుని లేచాడు. "ఈపొద్దుకు నేనే పోతాలే సార్" అంటూ చేయి చాచాడు.

ఇనాయతుల్లా ట్రే ఇవ్వలేదు.