డోరీన్ పాటకి జవాబు

నెహెమ్యాకి ఒకటే బాధ. చేతిలో విద్య ఉంది, కూర్చోడానికి కుర్చీ లేదు.

కుర్చీ అంటే మా బ్యాండులో లెస్లీ మాస్టారి కుర్చీ. వేదిక మీద కుడివైపున, నా డ్రమ్ముల పక్కన ఉండేది. అందులో కూర్చున్నవాడిదే ముందు గిటారు. నెహెమ్యా ఆయన శిష్యుడు. మల్కాపురం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి చేరినప్పుడు వాడికి మీసం రాలేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. ఇంకా వెనక నిలబడి తాళానికి తగ్గట్టు తీగలు మీటుతూనే ఉన్నాడు.

మాస్టారి సంగతి నేను చెబితేనే బాగుంటుంది. చూసినవాళ్లలో మిగిలింది నేనే. విశాఖ రేవులో నావికుల క్లబ్బులో ఆయన బ్లూస్, అంటే అమెరికా నల్లవాళ్ల దిగులు పాటలు, వాయిస్తుంటే, సముద్రాలన్నీ చుట్టొచ్చిన కెప్టెన్లు టోపీలు మొహాలకి అడ్డం పెట్టుకుని ఏడ్చేవాళ్లు. ఒక గ్రీకు ఓడ ఆ పాట కోసమే లంగరు ఎత్తకుండా ఉండిపోయింది. తర్వాత మద్రాసు వెళ్లి రాక్ బ్యాండులో చేరారు. ఆ మోతకి హోటలు పైకప్పు పెచ్చులూడి మేనేజరు నెత్తిన పడ్డాయి. కలకత్తా జాజ్ బ్యాండులో ఉన్నప్పుడైతే పైన వేలాడే గాజు దీపాల గుత్తి ఆయన శ్రుతి అందుకుని తనూ మోగేది. ఇవన్నీ ఆయన వెనక డ్రమ్ములు వాయిస్తూ కళ్లారా చూసిన కొండలరావుని నేనే. నా గురించి నేను చెప్పుకోకూడదు. నేను గట్టిగా ఒక దెబ్బ వేస్తే యారాడ కొండ మీద లైట్‌హౌసు ఉలిక్కిపడి మళ్లీ వెలిగేది. అంతవరకే చెబుతాను.

ఊరికో బ్యాండు కట్టాం. ఊరికో బ్యాండు చెదిరిపోయింది. కొందరు పోయారు, కొందరు మానేశారు. తిరిగి విశాఖ చేరేసరికి పెళ్లి విందులూ, రైల్వే వాళ్ల క్లబ్బులో ఆదివారాలూ మిగిలాయి.

ఆ ఏడు వానలు మొదలవగానే మాస్టారి ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. తీగ మీదకి వెళ్తాయి గాని నొక్కలేవు. కుర్చీ ఖాళీ అవుతోందని అందరికీ తెలుసు. ఆయన మాత్రం ఎవరి పేరూ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం నెహెమ్యా ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, నాకేం తక్కువ?"

మాస్టారు వరండాలో కూర్చుని గిటారు తుడుస్తున్నారు. తల ఎత్తలేదు.

"మీరు వాయించేవన్నీ వాయిస్తాను. మీకంటే జోరుగా వాయిస్తాను."

"అవును" అన్నారు మాస్టారు.

"మరి ఆ కుర్చీ నాకెందుకివ్వరు?"

"ఆదివారం డోరీన్ పాడుతుందట. నువ్వే కూర్చో."

నెహెమ్యా మొహం విచ్చుకుంది. నేను పక్కనే ఉండి, "చొక్కా ఇస్త్రీ చేయించుకోరా. ఆ మడతలు చూస్తే జనం గిటారు వినరు" అన్నాను.

డోరీన్ మా గాయని. చిన్నప్పటి నుంచీ మాస్టారి గిటారుతోనే పాడింది. ఆవిడ ఊపిరితిత్తులు పాడైపోయాయి. పాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. "ఎలాగూ పోతున్నాను కదా బాబూ, నోరు మూసుకుని పొమ్మంటావా" అందట ఆవిడ. పోయేలోపు తను కట్టిన పాట ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా పాడాలని ఆవిడ కోరిక.

అది బ్లూస్ పాట. మాటలు తెలుగే. ఒక ఆడది కిటికీలో దీపం పెట్టుకుని ఓడ కోసం చూస్తుంటుంది. ఓడ రాదు. చివరి చరణంలో, దీపం ఆర్పేస్తున్నాను, ఇక నిద్రపోతాను అంటుంది. అంతే పాట.

బ్లూస్‌లో ఒక పద్ధతుంది. గాయని ఒక వరస పాడి ఆగుతుంది. ఆ ఆగినచోట గిటారు జవాబు చెప్పాలి. బుర్రకథలో కథకుడు మాట వదిలితే వంతలు అందుకున్నట్టు. ఆమె పాడాలి, ఇది ఊఁ కొట్టాలి.

ఆదివారం సాయంత్రం క్లబ్బు నిండిపోయింది. డోరీన్‌ని ఇద్దరు పట్టుకుని తెచ్చి మైకు ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పచ్చటి గౌను ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టు వేలాడుతోంది.

"ఏరా నెహెమ్యా, నాతో మెల్లగా రా. పరిగెత్తించకు" అంది.

"మీరు పాడండి ఆంటీ, నేను చూసుకుంటాను" అన్నాడు వాడు.

పాడింది. గొంతు అరిగిపోయింది గాని పాట చెడలేదు. ఒక వరస పాడి ఆగింది. నెహెమ్యా జవాబిచ్చాడు. ఏం జవాబు అది. హాలంతా వెన్ను నిటారు చేసుకుంది. రెండో చరణంలో ఆవిడ వరస సగంలో ఆగింది. పాట ప్రకారం అక్కడ ఆగకూడదు, ఊపిరి అందక ఆగింది. నెహెమ్యాకి ఖాళీ కనబడింది. నింపేశాడు. ఆవిడ నోరు తెరిచింది. గిటారు ఇంకా అవలేదు. మూసేసింది. మళ్లీ తెరిచింది. ఈసారి వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు.

నేను తాళం తగ్గించి చూశాను. నా డ్రమ్ము మాట వినని గిటారు భూమ్మీద లేదనుకునేవాణ్ణి. ఆ రోజు వినలేదు.

జనం లేచి నిలబడ్డారు. ఈలలు వేశారు. డోరీన్ కూడా చప్పట్లు కొట్టింది. మెల్లగా, చేతులు ఒళ్లోనే పెట్టుకుని. తర్వాత ఆ ఇద్దరూ వచ్చి ఆవిణ్ణి లేపి తీసుకెళ్లారు.

నెహెమ్యా చెమట తుడుచుకుంటూ మాస్టారి దగ్గరికి వచ్చాడు. ఆయన కిందకి వంగి వైర్లు చుడుతున్నారు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"బాగా వాయించావు."

"అయితే కుర్చీ?"

"చివరి చరణం ఆవిడ ఎలా పాడింది?"

నెహెమ్యా ఆలోచించాడు. నావైపు చూశాడు. నేను కర్రలు సంచిలో పెట్టుకుంటున్నాను.

"గుర్తులేదండి" అన్నాడు.

మాస్టారు చుట్టిన వైరు భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఆ వానాకాలం వెళ్లకముందే డోరీన్ పోయింది. ఆ మధ్యలో మళ్లీ పాడలేదు, చివరి చరణం అలాగే మిగిలిపోయింది. మంచం మీంచి లేవనే లేదు. నెహెమ్యా ఒకసారి పళ్లు తీసుకుని వెళ్లాడు గాని, గుమ్మంలోనే ఎవరికో ఇచ్చి తిరిగొచ్చాడని విన్నాను.

సమాధుల తోటలో సన్నగా చినుకు పడుతోంది. పాస్టరుగారు ప్రార్థన ముగించి గొడుగు కిందకి వెళ్లారు. మా పాత బ్యాండుల్లో ఒక ఆచారం ఉంది. మనలో ఒకరు పోతే, మట్టి వేసేముందు వాళ్ల పాట వాయించి పంపాలి. మద్రాసులో ఇద్దరిని అలా పంపాం, కలకత్తాలో ఎంతమందినో.

మాస్టారు గిటారు పెట్టె తెరిచి తన గిటారు తీశారు. దాని పట్టీ నెహెమ్యా మెడలో వేశారు. ఆయన తన గిటారు ఇంకొకరి చేతికి ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"డోరీన్ పాట" అన్నారు. "జవాబులు నువ్వు వాయించు."

"పాడేదెవరు మాస్టారూ?"

మాస్టారు గడ్డంతో గోతివైపు చూపించారు.

నాకు డ్రమ్ము లేదు. తొడ మీద అరచేత్తో తాళం వేశాను, మెత్తగా. ఆవిడ పాడాల్సిన మొదటి వరస నడుస్తోంది. చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నెహెమ్యా వేళ్లు కదిలాయి, తీగ మోగింది.

మాస్టారు బిగుసుకుపోయిన చెయ్యి చాపి తీగల మీద పెట్టారు. చప్పుడు ఆగిపోయింది.

"ఆగు" అన్నారు. "ఊపిరి తీసుకుంటోంది."

చెయ్యి తీశారు.

నేను మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నెహెమ్యా ఆగాడు. వాడి కళ్లు శవపెట్టె మీదే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. కిటికీ, దీపం, ఓడ. వరస పూర్తయ్యాకే చిన్న జవాబిచ్చాడు. మళ్లీ ఆగాడు. రెండో చరణం సగంలో, ఆవేళ ఆవిడ ఆగిపోయిన చోట, వాడి చెయ్యి గాలిలో నిలిచిపోయింది. నా తాళం కూడా అక్కడే ఆగింది. ఎంతసేపో తెలీదు. ఆ మౌనం మీద ఎవరం చెయ్యి వెయ్యలేదు. తర్వాత నా అరచెయ్యి దానంతటదే మళ్లీ పడింది.

చివరి చరణం వచ్చింది. దీపం ఆర్పేసింది. నిద్రపోతానంది. వరస అయిపోయింది.

నెహెమ్యా వాయించలేదు. తడిసిన మొహంతో అలాగే నిలబడి ఉన్నాడు. గోతి పక్కన పారలు పట్టుకున్నవాళ్లు మావైపు చూస్తున్నారు.

"అయిందిరా" అన్నారు మాస్టారు. "ఇప్పుడు చెప్పు."

వాడు ఒక్క తీగ మీటాడు. ఒక్కసారే. అది సన్నబడి వానలో కలిసేదాకా ఎవరూ కదల్లేదు.

తర్వాత మట్టి వేశారు. మాస్టారు గేటు వైపు నడిచారు. నెహెమ్యా వెనకాలే వెళ్లి, మెడలోంచి పట్టీ తియ్యబోయాడు.

"తడుస్తోంది" అన్నారు మాస్టారు, తిరిగి చూడకుండానే. "కోటు కప్పి మీ ఇంటికి తీసుకెళ్లు."