దాలమ్మ దణ్ణం

అనగనగా అన్నాక ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టలేనివాళ్ళు వెళ్ళి గేదెలకి కుడితి పెట్టుకోండి, నేనేమీ అనుకోను.

అనగనగా ఒక ఏరు. ఏటికి పైన ఎగువూరు, కింద దిగువూరు. ఎగువూళ్ళో తూము తెరిస్తేనే దిగువూరికి నీళ్ళు.

దిగువూళ్ళో దాలమ్మ ఉప్పు అమ్ముకుని బతికేది. ఆమెకి ఎడమ చెయ్యి ఒక్కటే. కుడిచెయ్యి వయసులో ఉండగానే చెరుకు గానుగలో నలిగిపోయింది. ఎడమచేత్తో ఉప్పు కొలిస్తే ఎవరేమంటారోనని, గంప దించి "మీరే కొలుసుకోండమ్మా" అనేది.

ఒక ఏడు జాతరలో దిగువూరి మునసబు, ఎగువూరి పెద్దరైతు జగన్నాయకుల్ని చూసి కూడా దణ్ణం పెట్టలేదు. అంతే, ఆయన తూము మూయించేశాడు. "దిగువూరోళ్ళు మనసారా దణ్ణం ఎట్టీదాకా తియ్యను" అన్నాడు. ఆ పౌరుషానికి పచ్చని ఆకుమళ్ళు ఎండిపోవాలా? దాలమ్మకున్న చిన్న మడి కూడా పండుబారిపోయింది.

ముందు మునసబు వెళ్ళాడు. చేతులు జోడించాడు గాని మొహం పక్కకి తిప్పుకున్నాడు. తూము తెరుచుకోలేదు.

తర్వాత ఊరి షావుకారు వెళ్ళాడు. సాష్టాంగపడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే ఓరకంట తూముకేసి చూశాడు. తూము తెరుచుకోలేదు.

మూడోసారి దాలమ్మ బయల్దేరింది. "ఒంటి సేత్తో, అదీ ఎడం సేత్తో దణ్ణమెడితే తూముని పూడ్సే పారేస్తాడే!" అని ఊరంతా నవ్వింది. దాలమ్మ పట్టించుకోలేదు.

జగన్నాయకులు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దాలమ్మ ఎడమచెయ్యి గుండెకెదురుగా నిలబెట్టి తల వంచింది.

ఆయన కళ్ళెర్రజేశాడు. "ఏటే దాలీ! ఎడం సేత్తో దణ్ణమేటి? నానంటే అంత అలుసైపోనానా?"

దాలమ్మ చెయ్యి దించలేదు. "కుడిసెయ్యి తవరి గానుగలోనే పోనాది బాబూ. ఆ రోజు 'సెరుకు బేగి తొయ్యవే' అన్నది తవరే. నాకాడున్న సెయ్యి నాను పెట్టినాను. రెండోది తవరికాడే ఉండిపోనాది. అది తవరు పెట్టండి."

దాలమ్మ చెయ్యి అలాగే నిలబెట్టి ఉంచింది.

జగన్నాయకులు అరుగు దిగాడు. ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. తన కుడి అరచెయ్యి చాచి ఆమె ఎడమ అరచేతికి ఆనించాడు. రెండు చేతులూ కలిసి ఒక దణ్ణమైంది. ఎవరు ఎవరికి పెట్టారని నన్నడక్కండి, నాకూ తెలీదు. పెద్దాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగిన మాట మాత్రం నిజం.

ఆయనే వెళ్ళి తన చేత్తో తూము పలక పైకెత్తాడు. తూము తెరుచుకుంది. ఆకుమళ్ళు బతికాయి, దాలమ్మ మడితో సహా.

దాలమ్మ పోయి ఎన్ని తరాలైందో లెక్క లేదు. ఇప్పటికీ తొలకరికి తూము తీసేముందు ఎగువూరాయన కుడిచెయ్యి, దిగువూరాయన ఎడమచెయ్యి కలిపి ఏటికి దణ్ణం పెడతారు. దాన్ని దాలమ్మ దణ్ణం అంటారు.

ఆ రెండూళ్ళలో మాటలు మానేసిన అన్నదమ్ములున్నా, అలిగిన వియ్యంకులున్నా పెద్దలు ఆ దణ్ణమే పెట్టిస్తారు. ముందు ఎవరు చెయ్యి చాపాలని పేచీ ఎలాగూ వస్తుంది. అప్పుడు ఏ ముసలమ్మో గట్టిగా కేకేస్తుంది:

"దాలమ్మ ఎప్పుడో సాపీసినాది. ఇంక నీదే రావాల!"