పడవ ఆటలో ఆకాశం

"కళ్ళు కనబడని మనిషికి రంగులెందుకు మాస్టారూ?" అని హైమవతి అడిగిన ఉదయం, భీమిలి వీధులన్నీ సముద్రం మీంచి వచ్చిన మంచులో మునిగి ఉన్నాయి. ఎదురింటి గోడ కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టు కనిపిస్తోంది.

అబ్రహాం మాస్టారు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఒకప్పుడు సరుకు ఓడల్లో రేడియో ఆఫీసరుగా లోకమంతా తిరిగి, ఒడ్డుకు చేరాక లైట్‌హౌస్ దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నారు. అక్కడ పాత రేడియోలు, టేప్ రికార్డర్లు, ఇప్పుడెవరూ ఆడని వీడియో గేములు బాగుచేసేవారు. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళను కాదనేవారు కాదు. హైమవతి అంతకు ముందు విశాఖలో ఫోన్లు బాగుచేసే చోట పనిచేసింది. అక్కడ బాగుచేయడమంటే పాత బోర్డు తీసి పారేసి కొత్తది బిగించడమే. ఆ పని మీద విసుగుపుట్టి మాస్టారి దగ్గరకు వచ్చింది. చెయ్యి చురుకైనది, మనసు మంచిది. కాస్త తొందర మనిషి.

ఆమె ప్రశ్న బల్లమీదున్న ఒక వీడియో గేము గురించి. దాన్ని కిందటి వారం కోదండపాణి గారు తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతులతో పట్టుకుని తెచ్చారు. ఆయన పట్నంలో కాలేజీలో చరిత్ర చెబుతారు. చిన్నతనంలోనే జబ్బు చేసి చూపు పోయింది. గేముని బల్లమీద పెట్టి, దాని పైభాగాన్ని వేళ్ళతో తడుముతూ ఆయన చెప్పిన సంగతి ఇది.

"మా నాన్నగారు ఓడలో పనిచేసేవారు. సింగపూర్ నుంచి తెచ్చారు దీన్ని. అప్పటికే నాకు చూపు మందగిస్తోంది. ఇంక ఎన్నాళ్ళో ఉండదని డాక్టర్లు ఇంట్లోవాళ్ళకు చెప్పేశారట. నాకు చెప్పలేదు. నేను పొద్దస్తమానం దీని ముందే కూర్చునేవాణ్ణి. పడవ ఆట ఒకటుండేది. నదిలో రాళ్ళ మధ్య నుంచి పడవ నడపాలి, వెనకాల పొద్దు గుంకుతూ ఉంటుంది. నాన్న వాకిట్లోంచి పిలిచేవారు, 'పాణీ, ఆట ఆపి ఇటు రారా, ఆకాశం చూద్దువుగాని' అని. నేను లేచేవాణ్ణి కాదు. ఆయన ఎందుకు పిలుస్తున్నారో నాకేం తెలుసు?"

ఆయన వేళ్ళు మళ్ళీ గేము అంచు వెంట నడిచాయి.

"చూపు పోయాక చాలా ఏళ్ళు కలల్లో రంగులుండేవి. అవీ ఒక్కటొక్కటే వెళ్ళిపోయాయి. ఎరుపంటే ఏమిటో మాటగా తెలుసు, అంతే. ఒక్క రంగు మాత్రం ఇంకా వస్తుంది. నేరేడుపళ్ళు తిన్నాక నాలుక ఎలా ఉంటుంది, ఆ రంగు. కలలో ఆకాశమంతా అదే ఉంటుంది. ఈ ఆటలోదే అయ్యుంటుంది. నేను చూసింది ఇదే కదా. బాగుచేసి, అవునో కాదో చెబుతారా?"

హైమవతి పనిలో దిగింది. మరలు విప్పితే లోపల సన్నటి ఇసుక, ఉప్పు గాలికి పచ్చగా చిలుమెక్కిన రాగి. ఎండిపోయిన కండెన్సర్లు మార్చింది. ఆట క్యాసెట్టు దూర్చే చోట స్పిరిట్ అద్దిన గుడ్డతో ఒక్కొక్క రాగి రేకునూ తుడిచింది. జాయ్‌స్టిక్ లోపల తెగిపోయిన తీగను అతికించింది. పసుపెక్కిన పై డొప్పను సబ్బునీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టింది. గేముని మాస్టారి పాత డబ్బా టీవీకి తగిలించి మీట నొక్కితే, ముందు గరగరమని, ఆ తరవాత టుప్ టుప్ మని పడవకు నీళ్ళు తగిలే చప్పుడు వినిపించింది. ఎన్నో ఏళ్ళు నిద్రపోయినదేదో ఒత్తిగిలినట్టుంది ఆ చప్పుడు.

బొమ్మ వచ్చింది కానీ రంగులు రాలేదు. నది, గడ్డి, పిట్టలు, ఆకాశం, అన్నీ బురదనీళ్ళ రంగులో ఉన్నాయి. గేము లోపల రంగులను సరిచేసే చిన్న బిళ్ళ ఒకటుంటుంది. మెకానిక్కులు ప్రీసెట్ అంటారు. దాని తలమీది గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే రంగులన్నీ కలిసి జరుగుతాయి. అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మాస్టారు చూసి, "అది మార్చు" అన్నారు.

అప్పుడడిగింది హైమవతి ఆ ప్రశ్న. అలాంటి ప్రీసెట్ ఇప్పుడు దొరకదు, పాత బోర్డులన్నీ వెతకాలి. ఆయన ఆడుకునేది చప్పుడు విని. రంగులు రాకపోతే ఆయనకేం లోటు? ఆయన అడిగింది అవునో కాదో ఒక్క మాటేగా, దానికి ఇంత వెతుకులాటా? మాస్టారు కిటికీ దగ్గరకు వెళ్ళి తన రేడియో పని చూసుకున్నారు.

మంచు పూర్తిగా విడవకముందే కోదండపాణి గారు వచ్చారు. ఆగలేకపోయారు పాపం. హైమవతి కుర్చీ వేసి, జాయ్‌స్టిక్ చేతిలో పెట్టింది. పడవ చప్పుడు వినగానే ఆయన భుజాలు కాస్త ముందుకు వంగాయి, ముఖంలో ఒక పిల్లవాడు తొంగిచూశాడు. రాయి దగ్గర పడితే చప్పుడు మారుతుందట. అది పట్టుకుని పడవను కుడికీ ఎడమకీ తిప్పుతుంటే, చూపున్న హైమవతికే ఆశ్చర్యమేసింది. ఆడుతూ ఆడుతూ అడిగారు.

"పొద్దు గుంకుతోందా అమ్మా?"

"గుంకుతోందండీ."

"ఆకాశం నేరేడు రంగేనా?"

హైమవతి తెరవైపు చూసింది. బురదనీళ్ళు. ఆయనవైపు చూసింది. ఆ ముఖంలోని వెలుగును పాడుచేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

"అవునండీ, అచ్చం మీరు చెప్పిన రంగే" అంది.

ఆయన చేతులు ఆగిపోయాయి. పడవ వెళ్ళి రాయికి కొట్టుకుంది. ఆయన జాయ్‌స్టిక్‌ను మెల్లగా బల్లమీద పెట్టి, ఆ చెయ్యి అలాగే దానిమీద ఉంచేశారు.

"అంతేలే. అనుకున్నదే. నాకు మిగిలిన ఒక్క రంగూ ఈ డబ్బాలోదన్నమాట. బయట అంత లోకం పెట్టుకుని..." అని, నవ్వబోయి మానేశారు. "ఇంక ఆపెయ్యమ్మా. చాలు."

ఆయన్ను సంతోషపెట్టాననే హైమవతి అనుకుంది. తాను ఏం చేసిందో పూర్తిగా అర్థం కాలేదు గానీ, తనది కాని చోట చెయ్యి పెట్టానని మాత్రం తెలిసింది. మాస్టారివైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. కోదండపాణి గారు లేచి కర్ర కోసం తడుముకుంటున్నారు.

"కూర్చోండి" అంది హైమవతి. "నేను అబద్ధం చెప్పానండీ. తెరమీద రంగులు సరిగ్గా రావడం లేదు. ఆకాశం ఏ రంగో నాకు తెలియదు. మీరు బాధపడతారని అవునన్నాను."

ఆయన కర్ర అందుకుని, దానిమీద ఆనుకుని నిలబడ్డారు. బయట ఎవరో చేపలమ్మే ఆమె కేక వేస్తూ వెళ్ళింది. ఆ కేక మంచులో మెత్తబడి ఎటునుంచి వస్తోందో తెలియలేదు.

"సరిచేయగలవా?" అన్నారు చివరికి.

"చేస్తాను."

"అయితే కూర్చుంటాను."

హైమవతి మూలనున్న పాత బోర్డుల గుట్టంతా కిందకు దించింది. ఒక్కొక్కటీ తిప్పి చూసింది. చచ్చిపోయిన టీవీ ఒకదాని లోపల, దుమ్ములో, ఆమెకు కావలసిన ప్రీసెట్ దొరికింది. ఊడదీసి, శుభ్రంచేసి, తుప్పుపట్టిన దాని చోట అతికించింది. వేడి తగిలి కరిగిన సీసం వాసన గదిలో తేలింది. కోదండపాణి గారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, రైలు కోసం స్టేషన్లో కూర్చున్నవాళ్ళలా కూర్చున్నారు.

మీట నొక్కి, గాడిలో ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ పెట్టి వెంట్రుకవాసి తిప్పింది. బురదనీళ్ళు కదిలాయి. తెరలో రంగులు నిద్రలోంచి లేస్తున్నట్టు లేచి, ఒకదాని చోటికి మరొకటి జరగసాగాయి. ఏమేం కనబడుతోందో ఆమె పైకి చెబుతూ పోయింది. ఇప్పుడు ఆకాశం చింతపండు రసంలా ఉందండీ. ఇప్పుడు ఇటుకపొడి. ఇప్పుడు... అని తెరకు దగ్గరగా వంగింది.

"ఏమైందమ్మా?"

"నేరేడు రంగు వచ్చిందండీ. నిజంగా వచ్చింది." తెరంతా ఒకసారి చూసి, "కానీ గడ్డి నీలంగా ఉంది" అంది.

కిటికీ దగ్గర మాస్టారు ఇప్పుడు తల ఎత్తారు. "గడ్డి ఏ రంగులో ఉంటుందో నీకు తెలుసు కదా. ముందు దాన్ని పచ్చగా చెయ్యి. తక్కినవాటిని నువ్వు లాగొద్దు, వాటి చోటికి అవే వస్తాయి."

ఆమె మళ్ళీ తిప్పింది. గడ్డి వరినారులా పచ్చబడింది. పడవ ఎండు కర్ర రంగుకు వచ్చింది, పిట్టలు తెల్లబడ్డాయి. ఆమె ఆకాశాన్ని చూసింది. చూసి, ఈసారి తొందరపడకుండా, చూసింది చూసినట్టుగా చెప్పింది.

"ఆకాశం నేరేడు రంగు కాదండీ. జామపండు కోస్తే లోపల ఎర్రగా ఉంటుంది చూడండి, ఆ రంగు."

"నీళ్ళలో? నీళ్ళలో ఉందేమో చూడమ్మా."

"నీళ్ళు నీలంగా ఉన్నాయి."

"ముందుకు పోతే రాత్రి అవుతుంది. అక్కడేమైనా..."

ఇద్దరూ కలిసి పడవ నడిపారు. జాయ్‌స్టిక్ ఆయన చేతిలో, తెర ఆమె కళ్ళలో. ఎడమన రాయి అని ఆమె అనకముందే ఆయన తిప్పేవారు. జామరంగు ఆకాశం బూడిదరంగైంది, బూడిదరంగు నల్లబడింది, చుక్కలు తెల్లగా పొడిచాయి. పడవ ఒడ్డుకు చేరి చిన్న పాట మోగింది. ఆట మొత్తంలో ఎక్కడా నేరేడు రంగు లేదు. హైమవతి ఉన్నదున్నట్టు ఆ మాటే చెప్పింది.

కోదండపాణి గారు కదల్లేదు. పెదవులు మాత్రం ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు మెదిలాయి. తరవాత, తనలో తాను అనుకుంటున్నంత మెల్లగా మొదలుపెట్టారు.

"గాలి పడిపోయింది ఆ రోజు. ఆకు కదల్లేదు. తుఫాను వస్తోందని పడవలన్నీ పైకి లాగేశారు. నాన్న పిలిచారు... కాళ్ళకి ఇసుక చల్లగా తగిలింది. అవును. చెప్పుల్లేకుండా వచ్చాను. నాన్న నా తల మీద చెయ్యి వేసి, గడ్డం పట్టుకుని పైకెత్తారు. నీళ్ళెక్కడో ఆకాశమెక్కడో తెలియలేదు. అంతా ఒకటే రంగు."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు జారి చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"లేచాను అమ్మా. ఒక్కసారైనా లేచాను. వెళ్ళి చూశాను."

తెరమీద ఆట మళ్ళీ మొదటికి వచ్చి, జామపండు ఆకాశం కింద పడవ ఒంటరిగా ఊగుతోంది. గదిలోకి వచ్చిన మంచువెలుతురులో ఆ రంగు కొంచెం ఆయన చెంపమీద కూడా పడింది. ఆ సంగతి ఆయనకు చెప్పాలనుకుంది హైమవతి. చెప్పింది. ఆయన చెంప తాకి చూసుకుని, "ఇది ఆటలోదే కదా" అని నవ్వారు. అలా నవ్వడం ఆమె అంతకు ముందు చూడలేదు.

మధ్యాహ్నానికి మంచు విడిచింది. ఆయనను పంపడానికి మాస్టారు వీధి చివరి దాకా వెళ్ళి ఆటోను పిలుచుకొచ్చారు. గేముని మళ్ళీ తువ్వాలులో చుట్టడానికి హైమవతి పై డొప్ప బిగించబోయి, చెయ్యి ఆపింది.

"తెరమీది జామరంగు ఆయన చూడనే లేదు మాస్టారూ. చూసింది నేనే" అంది.

మాస్టారు సొరుగులోంచి మైనం ముక్క తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ప్రీసెట్ మీద ఒక చుక్క వెయ్యి. దారిలో కుదుపులకి జరిగిపోగలదు."