దూదిమబ్బు దాటేసిన గళ్ళు

గోగులంక రాజు ముకుందభూపతికి రాజ్యం ఎంత ముద్దో, మీసం అంతకంటే ముద్దు. ఒకసారి వేటలో వాన పట్టుకుని ఆ మీసం కాస్తా తడిసి వాలిపోయింది. మర్నాడే చాటింపు వేయించాడు: "వాన ఎక్కడ పడుతుందో ముందే చెప్పినవాడికి జరీ శాలువా!"

ఆస్థాన సిద్ధాంతి మార్తాండశర్మ ఎగిరి గంతేశాడు. పాత సిద్ధాంతి రాజ్యం పటాన్ని నాలుగే గళ్ళు చేసి "తూర్పు గడిలో వాన" అనేవాడు. తూర్పంటే ఎక్కడ? కొండా, కోటా, సముద్రం అన్నీ అందులోనే. మార్తాండశర్మ పెద్ద బల్ల మీద పటం గీయించి, పొలానికో గడి చొప్పున సన్నగా గళ్ళు కొట్టించాడు. మబ్బులకు బదులు దూది పింజలు పెట్టాడు. రోజూ పొద్దున్నే గాలివాటం చూసి, మర్నాటికి మబ్బు ఎక్కడికి చేరుతుందో లెక్కేసి, పింజను అక్కడికి జరిపేవాడు. రోజుకు ఒకే జరుపు. పింజ కూర్చున్న గడిలో వాన, మిగతావన్నీ పొడి. ఆ తర్వాత దద్దోజనం తిని పడుకునేవాడు. గళ్ళు గీయించడానికి ఉన్న ఓపిక, పింజ జరపడానికి ఉండేది కాదు మహానుభావుడికి.

రాజు మురిసిపోయాడు. శాలువా కప్పడానికి పెద్ద పందిరి వేయమన్నాడు. పందిరికి తాటాకులు కావాలి. అప్పటికి అన్ని తాటాకులు ఉన్నది ఒక్కచోటే, ఉప్పుమళ్ళ దగ్గర, వానకు తడవకుండా ఉప్పు కుప్పల మీద కప్పినవి.

ఉప్పు పండించే నూకమ్మ సభకొచ్చి దణ్ణం పెట్టింది. "బాబూ, సముద్రం మీద మబ్బు కమ్మేసింది. ఆకులు తియ్యకండి. వానొస్తే మా ఏడాది కట్టమంతా నీళ్ళైపోద్ది."

సిద్ధాంతి పటం చూపించాడు. "పింజ ఇవాళ సముద్రం మీద. రేపు కొండ అవతల. మధ్యలో మీ ఉప్పుమళ్ళ గడిలో కూర్చుందా? లేదే! ఇంత సన్నటి గళ్ళు ఇంతవరకూ ఎవరైనా గీశారా?"

"నిజమే" అన్నాడు రాజు. నూకమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

విదూషకుడు జోగన్నకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం నవ్వుతూ, "ప్రభూ, సిద్ధాంతిగారి విద్య నేనూ పట్టేశాను. చూపించమంటారా?" అన్నాడు.

"ఏదీ, చూపించు."

సభ నేలంతా నలుపూ తెలుపూ బండల గళ్ళే. జోగన్న గుమ్మం దగ్గర, అందరూ కాళ్ళు కడుక్కునే కడవ పక్కన నిలబడ్డాడు. "నేను మబ్బుని. సిద్ధాంతిగారు నడిమి బండ మీద నిలబడాలి. అందరూ నన్ను ఒకసారి చూసి కళ్ళు మూసుకోండి. పిలిచాక తెరవండి. మధ్యలో చూడకూడదు. అంతా సిద్ధాంతిగారి పద్ధతే."

అందరూ కళ్ళు మూసుకున్నారు. తన విద్యకు ఇంత గౌరవమా అని సిద్ధాంతి మరీ గట్టిగా మూసుకున్నాడు.

దబదబా అడుగుల చప్పుడు. దభీమని నీళ్ళు. ఒక కెవ్వు కేక.

"తెరవండి!"

జోగన్న సింహాసనం పక్కన ఉన్నాడు. చేతిలో ఖాళీ కడవ. సిద్ధాంతి తలపాగా నుంచి కాళ్ళు కడుక్కునే నీళ్ళు కారుతున్నాయి.

"ప్రభూ! వీడు నా నెత్తిన కడవెడు నీళ్ళు కుమ్మరించాడు!"

"నేనా స్వామీ? మొదట చూసినప్పుడు గుమ్మం దగ్గరున్నాను. ఇప్పుడు ఇక్కడున్నాను. మీ గడిలో నన్ను ఎవరైనా చూశారా? మీ గడి పొడిగానే ఉంది."

"పొడా? నిలువునా తడిసిపోతే పొడంటావా! అక్కడి నుంచి ఇక్కడికి నా మీదుగా రాకుండా ఎలా వచ్చావురా మూర్ఖుడా?"

జోగన్న చేతులు జోడించాడు.

"ఆ ముక్కే మబ్బు గురించి కూడా రాజుగారికి చెప్పండి స్వామీ!"

రాజు మీసం వణికేలా నవ్వాడు. "అయితే పాత నాలుగు గళ్ళే నయమంటావా?"

"దేని లోటు దానిది ప్రభూ. గడి పెద్దదైతే రోజుకోసారి జరిపినా మబ్బు అందులోనే ఉంటుంది, ఏ మూల ఉందో మాత్రం తెలియదు. గడి చిన్నదైతే పింజను కొంచెం కొంచెంగా, మాటిమాటికీ జరపాలి. ఈయన గళ్ళు చీమకు గీసి, అడుగు ఏనుగుది వేశారు."

రాజు అక్కడికక్కడే పింజను ఒక్కో గడీ జరపమన్నాడు. సిద్ధాంతి వేళ్ళ కింద అది మెల్లగా వెళ్ళి ఉప్పుమళ్ళ గడిలో కూర్చుంది.

"తాటాకులు ముట్టుకోవద్దు!" అని అరిచాడు రాజు. నూకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని పకపకా నవ్వింది.

జరీ శాలువా జోగన్న భుజాల మీద పడింది. "ఇకనుంచి గంట కొట్టినప్పుడల్లా సిద్ధాంతి పింజ జరపాలి. మధ్యలో కునుకు తీస్తేనో?" అన్నాడు రాజు.

జోగన్న శాలువా సర్దుకుని, కడవ నింపుకోవడానికి బయల్దేరాడు.