మూగమేడలో మొదటి మాట

ఒకానొక సముద్రతీర రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. రేవుకు వచ్చే బర్మా, చీనా, మలయా నావికుల మాటలు ఆయనకు విడమరిచి చెప్పే దుబాసీ కొమ్మయ్య. నిప్పును, నీటిని, చేతిని ఏ దేశం వాళ్లు ఏమంటారో అడిగి పోల్చి చూడటం కొమ్మయ్యకు వ్యసనం.

ఒకనాడు అతడు, "ప్రభూ, దూరదేశాల మాటల్లో కొన్నింటికి ముఖపోలికలున్నాయి. వాటన్నిటికీ ఎప్పుడో ఒకే అవ్వ ఉండి ఉంటుంది" అన్నాడు.

"ఉండి ఉంటుందేమిటయ్యా? ఆ అవ్వ మన భాషే."

"ఆమెను చూసినవాళ్లు లేరు ప్రభూ."

"నేను చూపిస్తాను. ఏ మాటా వినని బిడ్డ నోట వచ్చేది ఆదిభాషే కదా?"

గర్వం తలకెక్కినవాడికి ఎదుటివాడి కడుపుకోత కనబడదు. ఉప్పుకొఠారులో పనిచేసే నూకాలు చంకలోంచి ఆడబిడ్డను భటులు లాక్కుపోయి కొండమీది మేడలో పెట్టారు. అక్కడ మాట్లాడినవాడికి నాలుక కోయిస్తానన్నాడు రాజు. దాదులు పాలు పట్టేవారు, నీళ్లు పోసేవారు, పెదవి మాత్రం కదిపేవారు కారు. జనం దాన్ని మూగమేడ అన్నారు.

ఏడాది దాటింది. నూకాలు కొమ్మయ్య కాళ్లు పట్టుకుంది. "బాబూ, నన్ను మరిచిపోతే పోనీ. అది మనిషన్న సంగతే మరిచిపోతాదేమో."

కొమ్మయ్య రాజు దగ్గరికి వెళ్లాడు. "ప్రభూ, బిడ్డ పలికే వేళయింది. అది ఆదిభాషేనని గుర్తుపట్టేదెవరు? మా చెవుల నిండా మా మాటలే. కొన్నాళ్లు ఏ మాటా వినని నిగ్రహశాలికే అది తెలుస్తుంది. అటువంటివాడెక్కడ దొరుకుతాడో."

"నేను లేనా? నేను పిలిచినా ఎవరూ పలకకూడదు, ఇది నా ఆజ్ఞ" అని రాజు మేడలోకి వెళ్లాడు.

దాదులు తలవంచుకుని నీడల్లా తిరుగుతున్నారు. దగ్గినా ఎవరూ తిరిగి చూడలేదు. పట్టపగలే మేడ సమాధిలా ఉంది. బిడ్డ రాజు ముఖం చూడలేదు, తలుపునే చూస్తోంది. తలుపు తెరుచుకుని కిర్రుమంది. బిడ్డ నోట అదే కిర్రు, వెంట్రుకవాసి తేడా లేదు.

రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం తలుపు కిర్రుమంటే, బదులు రాజు గొంతులోంచే వచ్చింది.

లోపలికి వచ్చింది కొమ్మయ్య. రాజు అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఏదైనా మాట్లాడు."

కొమ్మయ్య తన నాలుక చూపించి తల అడ్డంగా ఊపాడు.

"ఆజ్ఞ రద్దు చేశానయ్యా. తిట్టినా సరే, మాట్లాడు."

"చిత్తం. ఆదిభాష వినబడిందా ప్రభూ?"

రాజు తల దించుకున్నాడు. "తలుపు పలికింది. నేను బదులిచ్చాను."

"బిడ్డ కూడా అంతే. దాన్ని పలకరించింది ఆ తలుపొక్కటే."

నూకాలును పిలిపించారు. "నా తల్లీ" అని ఎత్తుకుంటే బిడ్డ భుజం మీదుగా తలుపు వైపే చూస్తూ కిర్రుమంది. నూకాలు క్షణం ఆగింది. బిడ్డ చెవి దగ్గర పెదవులు పెట్టి, మెల్లగా, తనూ కిర్రుమంది. బిడ్డ గిరుక్కున తిరిగి ఆమె నోరు చూసింది. మొదటిసారి నవ్వింది.

"దుబాసీ, ఇది ఏ భాష?" అన్నాడు రాజు.

"తమరు వెతికిందే ప్రభూ."

రాజు నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, తన శాలువా కొమ్మయ్యకు కప్పి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"తమరు రోజూ వచ్చి ఈ పిల్లతో నాలుగు మాటలాడాలి."

మర్నాటినుంచి ఉప్పుకొఠారు ముందు గొంతుక్కూర్చుని కబుర్లు చెప్పే రాజును జనం చూశారు. పిల్ల వసపిట్టలా మాటలు నేర్చింది. కానీ పెద్దదయ్యాక కూడా, ఎక్కడైనా తలుపు కిర్రుమంటే, మాట మధ్యలో ఆపి అటు చూసేదట.